ఆ మూడు గంటల్లో నేను చూసిన మనిషి నిజమేనా?

ఈ వారం ఉత్తరం హైదరాబాద్ నుంచే వచ్చింది. రాసినావిడకు 28 ఏళ్ళు. సొంతూరు ఖమ్మం వైపు. ఆరేళ్ళుగా మాదాపూర్‌లో ఉద్యోగం చేస్తున్నారు. కూకట్‌పల్లిలో ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నారు. నాన్నగారు లేరు. నెలనెలా ఇంటికి 18,000 పంపిస్తారు, తమ్ముడి బీటెక్ పూర్తి కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆమె ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి మిగతా సంగతి చెబుతాను.

కొన్ని వారాల క్రితం ఒక ప్రివ్యూ థియేటర్‌లో సినిమా చూసి బయటికి వస్తుంటే, స్నేహితురాలు ఆమెను ఒక పేరున్న దర్శకుడికి పరిచయం చేసింది. ఆయన సినిమాలు చూస్తూ పెరిగిన అమ్మాయి ఈమె. "నా సినిమాల్లో నీకేం గుర్తుందమ్మా?" అని ఆయన అడిగారు. ఈమె పాటల గురించో క్లైమాక్స్ గురించో చెప్పలేదు. ఒక సీన్‌లో వంటింట్లో రోటి చప్పుడు ఆగిపోవడం గుర్తుందని చెప్పింది. ఆయన కాసేపు అలా చూసి, "ఆదివారం ఆఫీసుకు రా" అన్నారు.

జూబ్లీహిల్స్‌లో ఆఫీసు. గంభీరంగా, గర్వంగా ఉంటారనుకుని భయపడుతూ వెళ్తే, ఆయన చాప మీద కూర్చుని ఉన్నారు. ఫ్లాస్కులోంచి టీ తనే పోసిచ్చారు. "మీ అమ్మమ్మ ఏ పాటలు పాడేది?" అని అడిగారు. తర్వాత, తీయబోయే సినిమాలో గూనపెంకుల ఇంటి మీద తొలకరి వాన పడే ఒకే ఒక్క సీను గురించి నలభై నిమిషాలు చెప్పారు. పెంకు మీద పడితే ఏ చప్పుడు, వాకిట్లో బోర్లించిన బిందె మీద పడితే ఏ చప్పుడు అన్నది వేళ్ళతో అట్టపెట్టె మీద కొట్టి వినిపించారు. ఆ సీను పదకొండుసార్లు తిరగరాసిన నోటుపుస్తకాలు చూపించారు. చెబుతూ చెబుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మొత్తం మూడు గంటలు. "తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో నా స్టేషన్ దాటిపోయి మియాపూర్ దాకా వెళ్ళిపోయాను మేడమ్. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఇలా నిద్ర లేపలేదు" అని రాశారు.

లేచేటప్పుడు ఆయన అన్నది ఇది: "దసరా నుంచి వచ్చేయ్. డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ఉండు. డబ్బుల సంగతి తర్వాత చూద్దాం."

టెన్షన్ మొదలైంది అక్కడే. ఆయన దగ్గర రెండేళ్ళు చేసి మానేసిన ఒకబ్బాయిని కలిస్తే, అతను పూర్తిగా వేరే మనిషి గురించి చెప్పాడు. సెట్లో అందరి ముందూ తిట్లు. ఎనిమిది నెలలు బేటా (రోజువారీ భత్యం) లేదు. టైటిల్స్‌లో పేరు లేదు. పైగా, ఆ ఆదివారం తన కళ్ళారా చూసి కూడా పట్టించుకోని ఒక విషయం ఇప్పుడు ఆమెను కుదురుగా ఉండనివ్వడం లేదు. నలభై ఏళ్ళున్న అసోసియేట్ డైరెక్టర్ ఒకాయన ఆ మూడు గంటలూ తలుపు దగ్గర నిలబడే ఉన్నారు. దర్శకుడు ఆయన్ని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు, "రేయ్" అనే పిలిచారు. ఖమ్మంలో అమ్మ "మనకెందుకే అది" అంటోంది. "నేను చూసిన మనిషి నిజమా, వాళ్ళు చెప్పే మనిషి నిజమా? వెళ్ళనా, మాననా?" అన్నది ఆమె ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండు ప్రశ్నలు కలిపి అడిగారు. వాటిని ముందు విడదీద్దాం, ఎందుకంటే మొదటిదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోదానికి దొరకదు.

మీరు చూసిన మనిషి నిజమే అని నా నమ్మకం. పదకొండుసార్లు తిరగరాసిన నోటుపుస్తకాలను మీ ఒక్కరికి చూపించడం కోసం ఎవరూ తయారు చేయరు. బిందె మీద వాన చప్పుడు వేళ్ళతో పలికించగల మనిషి ఆ చప్పుడును ఎన్నో రాత్రులు విని ఉంటారు. అది నటన అయివుంటుందేమోనని మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. మీరు మోసపోలేదు.

అయితే ఆ మూడు గంటల్లో మీరు చూసింది ఆయనకూ ఆయన సినిమాకూ మధ్య ఉన్న బంధాన్ని. ఆయనకూ ఆయన దగ్గర పనిచేసేవాళ్ళకూ మధ్య ఏముందో ఆ చాప మీద కూర్చుంటే కనిపించదు. అది కొంచెం కనిపించింది తలుపు దగ్గర. అది కూడా మీరు చూశారు, నాకు రాశారు. మీ కళ్ళు సరిగ్గానే పనిచేశాయి.

ఇంకొక విషయం కూడా ఆలోచించండి. కథ చెప్పడం దర్శకుల వృత్తిలో సగం. హీరో దగ్గర డేట్లు, నిర్మాత దగ్గర డబ్బు, కెమెరామెన్ దగ్గర ఒప్పుదల అన్నీ ఎదురుగా కూర్చుని కథ చెప్పి తెచ్చుకోవాల్సినవే. ఏళ్ళ తరబడి అలా చెప్పీ చెప్పీ వాళ్ళ గొంతుకు ఒక శక్తి వస్తుంది. మీ ముందు వచ్చిన కన్నీళ్ళు అంతకుముందు ఒక నిర్మాత ముందు, అదే చోట, అదే మాట దగ్గర వచ్చి ఉండవచ్చు. అందుకని అవి దొంగ కన్నీళ్ళు అయిపోవు. కచేరీలో ఒక కీర్తన వందోసారి పాడుతూ కంటతడి పెట్టే గాయకులు లేరా? కాకపోతే ఆ కన్నీళ్ళు మీకు ఇచ్చిన మాట కాదని మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

నాకూ ఇరవై నాలుగేళ్ళప్పుడు ఇలాంటిది ఒకటి జరిగింది. ఒక గొప్ప కళాకారుడి ఇంట్లో రెండు గంటలు కూర్చుని, తేలిపోతూ బయటికొచ్చాను. రెండు వారాల తర్వాత రవీంద్రభారతి మెట్ల మీద ఎదురై నమస్కారం పెడితే, ఆయన నన్ను గుర్తుపట్టలేదు. చాలా రోజులు ఏడుపొచ్చేది. ఆయన ఆ రోజు నాకు ఇచ్చిందేదీ వెనక్కి తీసుకోలేదని, నేనే దానికి లేని చుట్టరికం కలుపుకున్నానని అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది.

మొదటి పరిచయంలో మనకు కనిపించే తపన ఎప్పుడూ ఒకేలా ఉండదు కూడా. బాపుగారిని తలుచుకోండి. సభల్లో ఆయన మాట్లాడేది రెండు ముక్కలు, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. సినిమాను మాత్రం ముందే షాటు షాటుగా బొమ్మలు గీసుకుని పెట్టుకునేవారు. మీరు అలాంటాయన దగ్గరికి వెళ్ళి ఉంటే "నేను ఆయనకు నచ్చలేదు" అనుకుని అరగంటలో వచ్చేసేవారేమో. కె.వి. రెడ్డిగారు స్టాప్‌వాచ్ పెట్టుకుని సన్నివేశాల నిడివి లెక్క చూసుకునేవారని చెబుతారు. ఆ తపన చూసేవాళ్ళకు లెక్కల మాస్టారు పద్ధతిలా అనిపించి ఉంటుంది. కె. విశ్వనాథ్‌గారు వాహినీ స్టూడియోలో సౌండ్ శాఖలో పనివాడిగా మొదలై, ఆదుర్తి సుబ్బారావుగారి దగ్గర పనిచేసి, 1965లో దర్శకుడయ్యారు. ఆ తర్వాత కూడా సెట్లో ఖాకీ బట్టలే వేసుకునేవారు. తానూ అక్కడ పనిచేసేవాళ్ళలో ఒకణ్ణేనని చెప్పుకునే పద్ధతి అది. రోటి చప్పుడు ఆగిపోవడం గుర్తుపెట్టుకున్న మీకు, శబ్దం దగ్గర మొదలైన ఆయన సంగతి చెప్పాలనిపించింది. కాబట్టి ఆ మూడు గంటల మాటల వేడిని మాత్రమే తపనకు కొలతగా పెట్టుకోవద్దు.

మరి ఆ అబ్బాయి చెప్పినది? అదీ నిజమే అయివుండవచ్చు. వాన చప్పుడు కోసం ఏడ్చే మనిషే, వాన సరిగ్గా పడని రోజు నీళ్ళ ట్యాంకర్ దగ్గర నిలబడ్డ కుర్రాడి మీద విరుచుకుపడవచ్చు. కళ మీద అంత ప్రేమ ఉంది కాబట్టే అలా అరుస్తారని సర్దిచెప్పేవాళ్ళు మీకు చాలామంది తగులుతారు. నేను ఆ మాట ఒప్పుకోను. ఎనిమిది నెలల బేటా ఇవ్వకపోవడానికీ తపనకూ ఏ సంబంధమూ లేదు. ఆ రెండింటినీ కలిపి మాట్లాడేవాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండండి.

అయినా ఒక్కరి మాట మీద నిర్ణయం తీసుకోవద్దు. మానేసిన మనిషి మాటలో బాధ ఉంటుంది, దగ్గరున్న మనిషి మాటలో భయమో భక్తో ఉంటుంది. ముగ్గుర్ని కలవండి. మానేసిన ఇంకొకరు, ఇప్పుడు పనిచేస్తున్న ఒకరు, డైరెక్షన్‌తో సంబంధం లేని ఒకరు. ఆ మూడో మనిషి మేకప్ అసిస్టెంటో, ప్రొడక్షన్‌లో టీ, టిఫిన్లు చూసే అబ్బాయో అయితే ఇంకా మంచిది. సినిమా పనివాళ్ళు ఎక్కువగా ఉండే కృష్ణానగర్‌లో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా ఇలాంటివాళ్ళు కనిపిస్తారు. "సార్ మంచివారేనా?" అని అడిగితే అందరూ దేవుడనే అంటారు. అలా అడగొద్దు. "జ్వరం వచ్చినప్పుడు సెలవిచ్చారా?", "ఆఖరిసారి డబ్బు ఏ నెలలో అందింది?", "నీ పేరు తెర మీద పడిందా?" అని అడగండి. ఆ నిలబడ్డ అసోసియేట్‌తో మాట్లాడే వీలుంటే ముందు ఆయనతోనే మాట్లాడండి. పాతికేళ్ళ అనుబంధంతో అలా నిలబడ్డారో, కూర్చోమనేవాళ్ళు లేక నిలబడ్డారో ఆయనకే తెలుసు. "రేయ్" అన్న పిలుపు కొందరి మధ్య చనువు, కొందరి మధ్య అవమానం. దూరం నుంచి మీరూ నేనూ తేల్చలేం.

ఇక వెళ్ళడమా మానడమా అన్నది. మీకు దారులు రెండే ఉన్నాయనుకుంటున్నారు. నాకు ఇంకొకటి కూడా కనిపిస్తోంది.

ఉద్యోగం వదిలి పూర్తిగా వెళ్ళిపోవచ్చు. దాన్ని తక్కువ చేయను. క్లాప్ కొడుతూ, కంటిన్యుటీ (ఏ షాటులో ఏది ఎలా ఉందో) రాస్తూ, ఆర్టిస్టులకు డైలాగ్ ప్రాంప్టింగ్ చెబుతూ, రాత్రి డబ్బింగ్ థియేటర్‌లో కూర్చుంటూ నేర్చుకునేది ఏ పుస్తకంలోనూ దొరకదు. సింగీతం శ్రీనివాసరావుగారు కె.వి. రెడ్డిగారి దగ్గర అసిస్టెంటుగా చేసి నేర్చుకున్నవారే. కానీ 1957లో 'మాయాబజార్'కు పనిచేసిన ఆయన దర్శకుడిగా మొదటి సినిమా తీసింది 1972లో. ఆ పదిహేనేళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. మీ లెక్క మీరే రాశారు: బ్యాంకులో 2,80,000 ఉంది, మీ ఖర్చు నెలకు 30,000, ఇంటికి 18,000. అంటే నెలకు 48,000 చొప్పున ఆరు నెలలు కూడా రాదు. కథా చర్చలతోనే ఆరు నెలలు గడిచిపోయే సినిమాలు ఎన్నో ఉన్నాయి. తమ్ముడి ఫీజు కట్టాల్సిన నెలలో మీరు ఎక్కడ ఉంటారో ముందే చూసుకోవాలి.

వెళ్ళేటట్టయితే మాత్రం "తర్వాత చూద్దాం" అన్న మాటను అక్కడే వదిలేయకండి. నెలకు ఎంత, ఏ తారీఖున, ఎన్ని నెలలకు, టైటిల్స్‌లో పేరు ఏ హోదాతో వస్తుంది అన్నవి కాగితం మీద అడగండి. కాగితం ఇబ్బందనుకుంటే ప్రొడక్షన్ మేనేజర్‌కు వాట్సాప్ మెసేజ్ పెట్టి "ఇలా అనుకున్నాం కదా అండీ" అని జవాబు తెప్పించుకోండి. అడిగితే ఆయన మనసు నొచ్చుకుంటుందేమో అని రాశారు. వాన చప్పుడులో అంత తేడా పట్టగలిగిన మనిషికి, తండ్రి లేని ఇంటి పెద్దకూతురు నెల జీతం గురించి ఎందుకు అడుగుతోందో అర్థమవుతుంది. అర్థం కాలేదంటే అది మీకు తెలియాల్సిన సంగతే, ముందే తెలిస్తే మంచిదే.

ఆడపిల్ల కాబట్టి ఇంకొకటి అడగాలి, మొహమాటం లేకుండా. డిపార్ట్‌మెంట్‌లో ఇంకా ఆడవాళ్ళు ఎంతమంది? అవుట్‌డోర్‌కు వెళ్తే బస ఎక్కడ, గది ఎవరితో? రాత్రి ప్యాకప్ అయ్యాక ఇంటికి దింపే బండి ఉందా? పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టడానికి 2013లో వచ్చిన చట్టం జీతం లేకుండా పనిచేసేవాళ్ళకు, ట్రైనీలకు కూడా వర్తిస్తుంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. "నాకు జీతమే లేదు కదా, నేను ఉద్యోగిని ఎలా అవుతాను" అనుకుని ఊరుకునే అమ్మాయిలు ఉన్నారు. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

రెండో దారి, ఉద్యోగం చేసుకుంటూనే ఆయన దగ్గరికి వెళ్ళడం. శని, ఆదివారాలు కథా చర్చల్లో కూర్చుంటానని, ఒక షెడ్యూల్‌కు రెండు వారాలు సెలవు పెట్టి వస్తానని అడగవచ్చు. ఇది సగం సగం పని అని మీకు అనిపించవచ్చు. సత్యజిత్ రాయ్ గురించి చెప్పనివ్వండి. 1949లో ఫ్రెంచి దర్శకుడు రెన్వా సినిమా తీయడానికి కలకత్తా వచ్చారు. అప్పటికి రాయ్ ఒక అడ్వర్టైజింగ్ కంపెనీలో ఆర్టిస్టు. ఆదివారాలు రెన్వా వెంట లొకేషన్లు చూడటానికి వెళ్ళేవారు. ఒక గొప్ప దర్శకుణ్ణి దగ్గరగా చూసిన మొదటి అనుభవం అది. మనసులో ఉన్న కథ కూడా ఆయనకు చెప్పుకున్నారు. అయినా ఉద్యోగం మానలేదు. మరుసటి ఏడాది కంపెనీ లండన్ పంపిస్తే వెళ్ళారు. 1952లో సొంత సినిమా మొదలుపెట్టినప్పుడు కూడా సెలవు రోజుల్లోనే తీశారు. మధ్యలో డబ్బు అయిపోయి ఆగిపోయింది, మళ్ళీ మొదలైంది, 1955లో విడుదలైంది. ఆయనకు రెన్వా ఇచ్చింది ధైర్యం. నెల జీతం మాత్రం కంపెనీదే. ఈ దారిలో ఇబ్బంది కూడా ఉంది. వారానికి ఏడు రోజులూ పనిచేస్తే ఒళ్ళు పాడవుతుంది. డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్ళు మిమ్మల్ని చుట్టపుచూపుగా వచ్చిన మనిషిలా చూస్తారు. ఆయనే ఒప్పుకోకపోవచ్చు.

మూడోది, నమస్కారం పెట్టి, ఆ ఆదివారాన్ని దాచుకుని, ఆయన దగ్గర చేరకుండానే సినిమా వైపు నడవడం. మన తిరుమలగిరిలో పుట్టి నిజాం కాలేజీలో చదివిన శ్యామ్ బెనెగల్ ఏళ్ళ తరబడి బొంబాయిలో ప్రకటనల సినిమాలు తీస్తూనే ఉన్నారు. మొదటి కథాచిత్రం వచ్చేసరికి 1974, ఆయనకు 39 ఏళ్ళు. మీకింకా 28. ఫోన్‌తో పది నిమిషాల సినిమా తీసి, రవీంద్రభారతిలోని పైడి జైరాజ్ ప్రివ్యూ థియేటర్‌కో, బంజారాహిల్స్‌లో సాంస్కృతిక కార్యక్రమాలు జరిగే లామకాన్‌కో వచ్చేవాళ్ళతో పరిచయాలు పెంచుకుని, నెమ్మదిగా వెళ్ళవచ్చు. ఇందులో మిమ్మల్ని తిట్టేవాళ్ళు ఉండరు. చెయ్యి పట్టుకుని దిద్దేవాళ్ళు కూడా ఉండరు. మీ స్వభావానికి ఆ ఒంటరితనం సరిపడుతుందో లేదో మీరే చెప్పాలి.

మీ అమ్మగారి మాట గురించి ఒక్క ముక్క. "మనకెందుకే" అన్నదాంట్లో సినిమా మీద చులకన ఉందని మీరు అనుకుంటున్నారు. నాకు అందులో ఫీజు భయం వినిపిస్తోంది. తమ్ముడి చదువు అయ్యేదాకా నెలకు ఎంత పంపగలరో ముందు చెప్పి, ఆ తర్వాత సినిమా మాట ఎత్తండి.

మీ ఉత్తరంలో ఒక వాక్యం పైన సారాంశంలో ఇవ్వలేదు, కావాలనే ఆపాను. మూడో పేజీ చివర, బ్రాకెట్లో, "నేను రాసుకున్న 22 పేజీల స్క్రిప్టు బ్యాగులోనే ఉండిపోయింది, అడిగే సందర్భం రాలేదు" అని రాశారు. ఆయన గురించి నాలుగు పేజీలు రాసిన మీరు మీ కథ గురించి రాసింది ఆ ఒక్క వాక్యమే. మూడు గంటల్లో ఆయన మీ అమ్మమ్మ పాటల గురించి అడిగారు, నువ్వేం రాస్తున్నావని అడగలేదు. అది తప్పని అనను. తన సినిమాలో నిండా మునిగి ఉన్న మనిషికి తట్టకపోవచ్చు. కానీ మిమ్మల్ని నిద్ర లేపింది ఆయనేనా, ఆయన మాటల మధ్య కదిలిన మీ 22 పేజీలా? నాకైతే ఆ మెట్రోలో మియాపూర్ దాకా వెళ్ళిపోయిన అమ్మాయి తన కథ గురించే ఆలోచిస్తోందని అనిపిస్తోంది. ఈ ప్రశ్నకు మీ దగ్గర దొరికే జవాబును బట్టే మూడు దార్లలో ఏది మీదో తేలుతుంది. ఆయన సినిమాకు చెయ్యందించాలని ఉంటే మొదటిది, రెండోది. మీ కథ చెప్పుకోవాలని ఉంటే రెండోది, మూడోది.

దసరాకు ఇంకా ఏడు వారాలుంది. ఈ లోపల ఆయన్ని మరొక్కసారి కలవండి. వీలైతే ఆదివారం కాకుండా, ఆఫీసులో పని జరుగుతున్న రోజున వెళ్ళండి. ఆ 22 పేజీలు బ్యాగులోంచి తీసి "సార్, ఇది చదువుతారా?" అని ఆయన చేతికివ్వండి. ఏమన్నారో, ఆ తలుపు దగ్గరాయన ఆ రోజు ఎక్కడ ఉన్నారో నాకు రాయండి.